పురిటి మంచం పక్కన ఎవరుండాలి?

సంపాదకుల వారికి నమస్కారాలతో రాయునది.

ఇంటి దగ్గర పురుడు మంచిదా, కాదా అన్న వాదన ఈ మధ్య తరచుగా వినవస్తోంది. ఆసుపత్రి గుమ్మం తొక్కితే కడుపు కోసే ఆపరేషను తప్పదని భయపడి, ఫోన్లో వీడియోలు చూసుకుంటూ ఇంట్లోనే కానుపు చేసుకుంటామనే దంపతులు ఒకవైపు ఉన్నారు. ఇంటి పురుడన్న మాట చెవిన పడగానే అది వెనకటి కాలపు మూర్ఖత్వమని కొట్టిపారేసే వైద్యులు మరోవైపు ఉన్నారు. 1984 నుంచి ముప్పై అయిదేళ్ళు గోదావరి పాయల నడుమ ఉన్న కోనసీమ లంక గ్రామాల్లో ఏ.ఎన్.ఎం.గానూ (ఊళ్ళలో తిరిగి పనిచేసే ప్రభుత్వ నర్సుగానూ), తరువాత ఆరోగ్య పర్యవేక్షకురాలిగానూ పనిచేసి రిటైరైన దానిని నేను. నొప్పులు పడే తల్లి పక్కన కూర్చునే మనిషి ఎవరు, ఆ మనిషికి ఏం తెలిసి ఉండాలి అన్న మాట ఈ ఇరుపక్షాల వాదనలోనూ నాకు వినపడటం లేదు. ఈ ఉత్తరం రాయడానికి అదే కారణం.

నేను ఉద్యోగంలో చేరిన రెండేళ్ళకు, 1986 ఆగస్టులో, గోదావరికి పెద్ద వరద వచ్చింది. దానిని చూసినవాళ్ళు ఈనాటికీ మిగతా వరదలను దానితోనే కొలుస్తారు. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులకు మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు; ఆ ఏడాది వచ్చిన నీరు 35 లక్షల క్యూసెక్కులు. లంకలో జనమంతా ఊరికి ఉన్న ఒకే ఒక్క మేడ మీదికి చేరిన రాత్రి, మలిచూలు గర్భిణి ఒకామెకు నొప్పులు మొదలయ్యాయి. రేవేదో ఏరేదో తెలియని ఆ నీళ్ళలోకి పడవ దించే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

నాకు శిక్షణలో నేర్పినట్టు ఆమెను వెల్లకిలా పడుకోబెట్టమన్నాను. ఆ ఊరి మంత్రసాని మామ్మ నా మాట వినలేదు. దూలానికి పాత చీర కట్టి, దాన్ని పట్టుకుని నిలబడమంది. నొప్పి వచ్చినప్పుడల్లా వెనక నుంచి ఆమె నడుము మీద రెండు అరచేతులూ ఆనించి గట్టిగా నొక్కి పట్టింది, నొప్పి తగ్గగానే రెండు గుక్కలు గంజి తాగించింది. నేను మాటిమాటికీ గడియారం చూస్తుంటే, “కంగారు పెట్టకండి నర్సమ్మగారూ, బిడ్డ దారి చూసుకుంటంది” అంది. తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. అప్పుడా మామ్మ బొడ్డు కోయడానికి చిన్న కొడవలి బయటికి తీసింది. ముందు రోజు ఆ కొడవలి ఏ గడ్డి కోసిందో ఆమెకు పట్టలేదు, ఎందుకంటే ఆమెకు ఈ పని నేర్పిన అత్తగారు కూడా దానితోనే కోసేది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, మరగబెట్టిన కత్తెర అందించాను. కాస్త తటపటాయించి తీసుకుంది. తల్లికి ధైర్యం ఎలా చెప్పాలో, ఏ భంగిమలో బిడ్డ సులువుగా జారుతుందో ఆ రాత్రి ఆమె దగ్గర నేను నేర్చుకున్నాను. చేతులు మోచేతుల దాకా సబ్బుతో ఎందుకు కడగాలో ఆమె నా దగ్గర నేర్చుకుంది. ధనుర్వాతంతో పసిబిడ్డలు దవడ బిగుసుకుపోయి పోవడం కళ్ళారా చూసిన కాలం అది. తల్లీబిడ్డలకు సోకే ఆ జబ్బు మన దేశంలో పెద్ద సమస్యగా లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది 2015లోనే.

ఇంటి పురుడును మెచ్చుకుంటూ ఇక్కడితో ఆపేస్తే నేను అబద్ధం చెప్పినదాన్నవుతాను. ఆ తరువాత మూడేళ్ళకు, వరద కాదు గదా చుక్క వాన కూడా లేని వైశాఖ మాసంలో, మరో లంకలో ఒక తల్లికి మూడో కానుపు నా చేతుల మీదే అయింది. బిడ్డ చక్కగా ఏడ్చాడు. మావి సగమే వచ్చింది, మిగతాది లోపలే ఉండిపోయింది, నెత్తురు ఆగలేదు. నా దగ్గర ఇంజెక్షను లేక కాదు; చలవలో ఉంచవలసిన ఆ మందు ఫ్రిజ్ లేని సబ్ సెంటర్లో ఎన్ని ఎండలు చూసిందో ఎవరికి తెలుసు? నులక మంచం మీద ఆమెను వేసుకుని నలుగురు మగవాళ్ళు ఇసుకలో రేవుకు పరుగెత్తారు. పడవ అవతలి ఒడ్డున ఉంది. కేకలు వేసి పిలిపించి, ఎక్కించి, ఏటి నడిమికి వచ్చేసరికి నా చేతి కింద ఆమె నాడి అందలేదు. కానుపు తరువాత నెత్తురు అదుపు తప్పితే రెండు గంటల్లోనే ప్రాణం పోవచ్చునని పుస్తకంలో చదువుకున్నాను. ఆ రెండు గంటలూ ఎలా గడుస్తాయో ఆ రోజు చూశాను. అందుకే, అంతా సహజంగా జరిగిపోతుంది, ఎవరి సాయమూ అక్కరలేదు అని వీడియోల్లో చెప్పేవాళ్ళ మాటలు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నూటికి ఎనభై తొంభై కానుపులు సాఫీగా జరిగిపోవడం నిజమే కావచ్చు, కానీ ఏ తల్లి మిగతా వాటిలో ఉంటుందో ముందుగా చెప్పగల మొనగాడు ఇంకా పుట్టలేదు.

ఆసుపత్రి కానుపుల వల్ల మనకు ఒరిగిన మేలును తక్కువ చేసి మాట్లాడటం కూడా అన్యాయమే. 2005లో ఆసుపత్రిలో కనే తల్లికి డబ్బు సాయం చేసే జననీ సురక్షా యోజన వచ్చింది, ఆశా కార్యకర్తలు వచ్చారు, ఆ ఏడాదే మన రాష్ట్రంలో 108 వాహనాలు రోడ్డెక్కాయి. ప్రతి లక్ష కాన్పులకు చనిపోయే తల్లుల సంఖ్య దేశం మొత్తం మీద 2001-03లో 301 ఉండేది, 2018-20 నాటికి అది 97కు దిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 45కు వచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 96.5 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. ఈ మార్పు కోసం నాలాంటివాళ్ళు గట్ల మీద సైకిలు తొక్కి, పడవలెక్కి, అత్తగార్లను బతిమాలి పనిచేశారు. దాన్ని వెనక్కి తిప్పమని నేనడగడం లేదు.

అయితే అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. రాష్ట్రంలో నూటికి 42.4 కాన్పులు సిజేరియన్లు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 26.6 ఉంటే, ప్రైవేటులో 63. దేశం సగటు 21.5 మాత్రమే. సిజేరియన్లు నూటికి పది పదిహేను మించడానికి ఏ ప్రాంతంలోనూ కారణం కనిపించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే చెప్పింది. పది శాతం దాటిన తరువాత పెరిగే ఆపరేషన్ల వల్ల తల్లుల మరణాలు గానీ శిశు మరణాలు గానీ తగ్గుతున్న దాఖలాలు లేవని 2015లో మళ్ళీ చెప్పింది. అవసరమైన చోట ఆ ఆపరేషను ప్రాణదాత, అందులో సందేహం లేదు. కానీ మన డెల్టాలో పంచాంగం చూసి, మంచి నక్షత్రం పెట్టించుకుని, ఫలానా గంటకు కోయమని కుటుంబాలే అడగడం, అడిగిందే తడవుగా కోసి పెట్టడం మామూలైపోయింది. మొదటి కానుపుకు కోత పడితే తరువాతి కానుపుకూ చాలాసార్లు అదే గతి అవుతుందని ఆ ముహూర్తం పెట్టినవాళ్ళు ఆలోచించరు.

మా చెల్లెలి కూతురి తొలి కానుపు పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జరిగింది. ఆసుపత్రి పేరు రాయను, ఎందుకంటే ఏ ఆసుపత్రికి వెళ్ళినా తీరు అదే. లోపలికి తీసుకెళ్ళిన క్షణం నుంచి సెలైను పెట్టి వెల్లకిలా పడుకోబెట్టారు. లేచి నడవకూడదన్నారు, మంచినీళ్ళు తాగకూడదన్నారు. కన్నతల్లిని తలుపు బయట కూర్చోబెట్టారు. నేను ఈ పనిలోనే తల నెరిసినదాన్నని చెప్పినా నన్నూ లోపలికి రానివ్వలేదు. ఆరు గంటల తరువాత, గంటకు ఒక సెంటీమీటరు చొప్పున గర్భసంచి ద్వారం తెరుచుకోవడం లేదు కాబట్టి ఆపరేషను తప్పదని చెప్పి సంతకం పెట్టించుకున్నారు. ఆ గంటకు ఒక సెంటీమీటరు లెక్క ఆరోగ్యంగా ఉన్న చాలామంది తల్లులకు వర్తించదని, అదొక్కటే చూసి తొందరపడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో విడమరచి చెప్పిన సంగతి ఆ సంతకం పెట్టిన అల్లుడికి ఎలా తెలుస్తుంది? ఆ ఆపరేషను అక్కరలేనిదని నేను తీర్పు చెప్పలేను, నేను లోపల లేను గనుక. నన్ను బాధపెట్టింది మరొకటి. ఆ ఆరు గంటల్లోనూ తన చెయ్యి పట్టుకున్నవాళ్ళు ఒక్కరూ లేరని, “పెద్దమ్మా, అక్కడ నన్ను మనిషిలా చూడలేదు” అని ఆ పిల్ల చెప్పుకుని ఏడ్చింది.

ప్రసవ వేదన పడుతున్నంత సేపూ ఒక మనిషి పక్కనే ఉండి ధైర్యం చెబితే సహజ కాన్పులు పెరుగుతాయని, సిజేరియన్లు తగ్గుతాయని 17 దేశాల్లో పదిహేను వేల మందికి పైగా తల్లుల మీద జరిగిన పరిశోధనలను కలిపి చూసి 2017లో నిర్ధారించారు. కాన్పు గదిలో తోడుగా ఒక స్త్రీని ఉంచుకోవచ్చునని కేంద్ర ప్రభుత్వం 2016లోనే సర్కారు ఆసుపత్రులకు చెప్పింది. మా మంత్రసాని మామ్మ ఏ కాగితమూ చదవకుండా చేసిన పని ఇదే.

ఇక్కడే మిడ్‌వైఫ్ గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మంత్రసానికి ఇంగ్లీషు పేరు పెట్టి పిలుస్తున్నారని చాలామంది అనుకుంటున్నారు. మంత్రసానిది అనుభవం నుంచి వచ్చిన విద్య. ఏ.ఎన్.ఎం.కు కాన్పు చేయడం నేర్పుతారు గానీ, టీకాలు, కుటుంబ నియంత్రణ, దోమల సర్వే, రిజిస్టర్లు, ఇప్పుడైతే ఫోన్లో నింపవలసిన యాప్‌లు, వీటన్నిటి మధ్య ఒక తల్లి పక్కన పది గంటలు కూర్చునే తీరిక ఆమెకు ఉండదు. మిడ్‌వైఫ్ అంటే నర్సింగు చదివి, ఆపైన కాన్పుల మీదే మరో 18 నెలలు శిక్షణ పొందిన నిపుణురాలు. ఈ కొలువును కేంద్రం 2018 డిసెంబరులో విడుదల చేసిన మార్గదర్శకాల్లో రూపొందించింది. ప్రమాద సూచనలు లేని కాన్పులను స్వతంత్రంగా నడపడం, తేడా కనిపించిన వెంటనే వైద్యుడికి అప్పగించడం ఆమె బాధ్యత. అంతకు ముందే 2017లో పక్కనున్న తెలంగాణలో కరీంనగర్‌లో ఇలాంటి శిక్షణ మొదలైంది. 2023లో పార్లమెంటు చేసిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం పేరులోనే ఈ వృత్తికి చోటు దొరికింది. ఇన్ని ఉన్నా, నెల తప్పిన రోజు నుంచి బాలింతకు ఆరు వారాలు నిండేదాకా వెంట ఉండే ఒకే ఒక్క మిడ్‌వైఫ్ లంకలోని సామాన్య స్త్రీకి ఇంకా అందుబాటులోకి రాలేదు.

ఇంటి పురుడు కావాలనేవాళ్ళు తరచుగా ఇంగ్లండును ఉదాహరణగా చెబుతారు. అక్కడ 2011లో వెలువడిన పెద్ద అధ్యయనం అరవై నాలుగు వేల మందికి పైగా తల్లులను గమనించింది. ఆరోగ్యంగా ఉండి, ఇదివరకు మామూలుగా కానుపైన స్త్రీలకు మిడ్‌వైఫ్ సాయంతో ఇంట్లో కానుపైతే బిడ్డకు అదనపు ప్రమాదం కనిపించలేదు. తొలిచూలు స్త్రీల విషయంలో మాత్రం బిడ్డకు కీడు జరిగిన సందర్భాలు వైద్యులున్న ఆసుపత్రిలో వెయ్యికి 5.3 అయితే, ఇంట్లో 9.3. పైగా ఇంట్లో మొదలుపెట్టిన తొలిచూలు స్త్రీలలో నూటికి 45 మందిని మధ్యలో ఆసుపత్రికి తరలించవలసి వచ్చింది. చెప్పేవాళ్ళు ఈ రెండో సగం దాటేస్తారు. అక్కడ మిడ్‌వైఫ్ సంచిలో ఆక్సిజన్ ఉంటుంది, నెత్తురు ఆపే ఇంజెక్షను ఉంటుంది, ఫోను చేస్తే అంబులెన్సు నేరుగా గుమ్మం ముందుకు వస్తుంది. మనకు సఖినేటిపల్లి రేవులో పంటు కోసం ఎదురుచూపులు, పి.గన్నవరం లంకల్లో వరదకు కొట్టుకుపోయే కాజ్‌వేలు. అందువల్ల తొలిచూలు, కవలలు, ఎదురుకాళ్ళు, రక్తపోటు, హిమోగ్లోబిన్ ఏడుకు తక్కువైన రక్తహీనత, ముందు కానుపులో కోత, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంటి మాట ఎత్తవద్దని నేను కచ్చితంగా చెబుతాను. కాళ్ళు చేతులు ఉబ్బి, తలపోటు వచ్చి, కళ్ళు మసకబారితే అది నీరసమని ఇంట్లో కూర్చోబెట్టడం కంటే ఘోరం లేదు. గుర్రపువాతం వచ్చి ఫిట్స్ మొదలయ్యాక గంజి, కాపడం పనిచేయవు.

మరి మిడ్‌వైఫ్ ఇంటికి వచ్చి ఏం చేయాలి? నా అనుభవంలో అసలు ఫలితమంతా గర్భిణిగా ఉన్న తొమ్మిది నెలల్లోనూ, బాలింతగా ఉన్న నలభై రెండు రోజుల్లోనూ ఉంది. నెలకోసారి తొమ్మిదో తారీఖున ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీకి) వెళ్తే బరువు, బీపీ చూస్తారు. ఇంటికి వెళ్ళినవాళ్ళకు మాత్రమే ఐరన్ మాత్రల పట్టీ అలాగే నిండుగా గూట్లో ఉండటం కనిపిస్తుంది. బిడ్డ లావైపోతే కానుపు కష్టమవుతుందని అత్తగారు కోడలికి అన్నం తగ్గించడం, బాలింతకు ఒళ్ళు చీము పడుతుందని దాహానికి నీళ్ళివ్వకుండా కారప్పొడి అన్నంతో సరిపెట్టడం, ముర్రుపాలు పిండి పారబోసి పసివాడి నోట్లో తేనె నాకించడం, ఇవన్నీ వంటింట్లో పీట వేసుకుని కూర్చుంటే తప్ప తెలిసేవి కావు. ఆ పీట మీద కూర్చుని అత్తగారి మనసు నొప్పించకుండా చెప్పగలిగితేనే అవి మారతాయి. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లెటూరి స్త్రీలకే పసికందుల సంరక్షణ నేర్పి ఇళ్ళకు పంపితే నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లోకానికి తెలిసింది. ఇవాళ మన ఆశా కార్యకర్త మూడో రోజు, ఏడో రోజు అంటూ నలభై రెండో రోజు దాకా బాలింత ఇంటికి వెళ్తున్నదంటే ఆ పుణ్యం వాళ్ళదే.

కానుపు మాత్రం ఇంటికి దగ్గర్లోని పీహెచ్‌సీలో మిడ్‌వైఫ్ నడిపే గదిలో జరగాలన్నది నా కోరిక. వెల్లకిలా పడుకోమనకుండా, కూర్చున్నా నిలబడ్డా చీర పట్టుకుని వేలాడినా సరేననే గది అది. తల్లినో, అత్తనో, ఇంకా ఊళ్ళో మిగిలి ఉంటే మంత్రసాని మామ్మనో లోపలికి రానివ్వాలి. మంత్రసానులను ఇప్పుడు ఎవరూ పిలవడం లేదు, వాళ్ళలో చాలామంది కన్నుమూశారు. బతికున్నవాళ్ళ అరచేతుల్లోని విద్యను తోడు కూర్చునే పనికైనా వాడుకోకపోవడం మనకే నష్టం.

వరద రోజులు మాత్రం వేరు. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన 2022 జులై మనకు దూరం కాలేదు. నెలలు నిండినవాళ్ళను ముందే ఒడ్డుకు తరలించడం మంచి పద్ధతి, అధికారులు శ్రద్ధగా చేస్తున్నారు కూడా. కానీ ఇంకా మూడు వారాలు టైముందనుకున్న ఆమెకు ఆ రాత్రే ఉమ్మనీరు పోతే ఇంటి కానుపు తప్పదు. అప్పుడు పక్కన ఉండవలసిన మనిషిని, ఉండవలసిన మందును ముందే లంకలోకి చేర్చాలి. కర్ణాటకలోని బెళగావి జిల్లా పల్లెల్లో ఏ.ఎన్.ఎం.లు ఇళ్ళలోనూ సబ్ సెంటర్లలోనూ చేసిన కాన్పుల్లో, బిడ్డ పుట్టగానే తల్లికి మిసోప్రోస్టాల్ మాత్రలు మింగిస్తే అధిక రక్తస్రావం నూటికి 12 నుంచి 6.4కు తగ్గిందని 2006లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఆ మాత్రలకు ఫ్రిజ్ అక్కరలేదు. ఆ వైశాఖంలో అవి నా సంచిలో ఉంటే అని అనుకోని ఏడాది లేదు. ఆ మాత్రలు బిడ్డ పుట్టకముందు పొరపాటున వేస్తే గర్భసంచికే ముప్పు, అందుకే తెలిసిన చేతికే ఇవ్వాలి.

ఇంటి కానుపు అయినచోట పుట్టుకను 21 రోజుల్లో నమోదు చేయించాలని, కానుపు చేసిన మంత్రసాని గానీ ఆరోగ్య కార్యకర్త గానీ ఆ సంగతి తెలియజేయాలని 1969 నాటి చట్టం చెబుతోంది. బడిలో చేర్చే వయసు వచ్చాక కాగితం లేక తిరిగే తల్లిదండ్రులను చూశాను కాబట్టి ఈ మాట కలుపుతున్నాను.

కోనసీమ, పశ్చిమ గోదావరి, తూర్పు గోదావరి, కాకినాడ, ఏలూరు జిల్లాల కలెక్టర్లకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. గోదావరి పోటెక్కే జులై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కానుపు కావలసిన లంక స్త్రీల జాబితా ఆశా కార్యకర్తల దగ్గర ఇప్పటికే ఉంటుంది. ఆ జాబితాలోని ప్రతి పేరు ఎదుట ఒక మిడ్‌వైఫ్ పేరు, అంతమంది లేకపోతే మళ్ళీ శిక్షణ ఇచ్చిన ఏ.ఎన్.ఎం. పేరు, ఆమె ఫోను నంబరు, పిలిస్తే వచ్చే పడవ యజమాని నంబరు రాయించి, ఆ కాగితాన్ని గర్భిణి తల్లీబిడ్డ కార్డులోనే అతికించాలి. ఆ ఏ.ఎన్.ఎం.కు ఆ మూడు నెలలు మిగతా సర్వేలూ యాప్‌లూ తప్పించాలి. మొదటి హెచ్చరిక వినపడిన రోజున ఆమె ఒడ్డున గాక, సంచితో సహా లంకలో ఉండేలా ఉత్తర్వు ఇవ్వాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు,
అమలాపురం.